82 నంబరు ఆకుపచ్చపై తేలని తగాదా

యుద్ధాలు మొదలవుతుంటాయి, ముగుస్తుంటాయి. రెండో ప్రపంచ యుద్ధం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది, అదీ 14 సెంటీమీటర్ల రెక్కల మీద. జర్మన్ల ఫైటర్ విమానం మెసర్‌ష్మిట్ 109 అసలు రెక్కల పొడవు పది మీటర్లకు కాస్త తక్కువ. 72వ వంతుకు కుదించిన ప్లాస్టిక్ కిట్‌లో అది జానెడు కూడా ఉండదు. ఆ జానెడు లేని రెక్క మీద ఏ ఆకుపచ్చ వెయ్యాలన్న దగ్గర, ఇళ్లల్లో పెళ్లి సంబంధాలు చూసే వయసున్న పెద్దమనుషులు మాటలు మానేసుకున్నారు. దీన్ని కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. కాలక్షేపానికి ఇంత బీపీ రాదు.

ముందు కొంచెం శాస్త్రం. జర్మన్ విమానయాన శాఖ రంగులకు నంబర్లు పెట్టింది. యుద్ధం మొదట్లో పైన 70, 71 అనే రెండు ముదురు ఆకుపచ్చలు, కింద 65 అనే లేత నీలం. తర్వాత ఫైటర్లకు పైన 74, 75 అనే బూడిద రంగులు, కింద 76 వచ్చాయి. ఇంతవరకు భక్తులందరిదీ దాదాపు ఒకటే మాట. శాఖవారి నిబంధనల పుస్తకాలున్నాయి, కళ్లకద్దుకుని చదువుకోవచ్చు.

చిక్కంతా 1944 వేసవిలో వచ్చింది. మిత్రసేనలు నార్మండీలో దిగాయి. ఆకాశం జర్మన్ల చేయి జారింది. ఎగిరే విమానాన్ని దాచడం కంటే చెట్ల కింద నిలబెట్టిన విమానాన్ని దాచడం ముఖ్యమైపోయింది. అందుకని బూడిద నుంచి మళ్లీ ఆకుపచ్చలోకి మళ్లారు. శాఖ సర్క్యులర్లు పంపింది: ఇకమీదట 81, 82 వాడండి, పాత 70, 71 స్టాకు మిగిలుంటే పారెయ్యకుండా కొత్తవాటితో జోడీ కట్టి వాడెయ్యండి. దాంతోపాటే ఇంకో ముక్క: 81, 82లకు నమూనా కార్డులు ప్రస్తుతం ఇవ్వలేం, కాబట్టి ఆ రంగులకు తనిఖీ కూడా అక్కర్లేదు.

ఇంకోసారి చదవండి. రంగు వెయ్యమన్నారు. ఎలా ఉండాలో చూపించలేదు. సరిగ్గా వేశారో లేదో చూడబోమని కూడా చెప్పేశారు. ప్రభుత్వ ఆఫీసు మెట్లెక్కి దిగినవాడెవడికీ ఇందులో వింత కనపడదు. ఫలితం ఏమిటంటే, 81 ఒక కంపెనీ కాగితాల్లో గోధుమ ఊదా అయింది, ఇంకో కంపెనీ కాగితాల్లో ఆలివ్ గోధుమ అయింది. ఫ్యాక్టరీలో పెయింటరు డ్రమ్ములో ఏదుంటే అది కొట్టి పంపేశాడు. అతని డ్యూటీ ఆ పూటతో అయిపోయింది. మన డ్యూటీ 80 ఏళ్లుగా అయిపోవడం లేదు.

ఇది చాలదన్నట్టు, కొన్ని విమానాల పొట్ట కింద ఆకుపచ్చ తిరిగిన ఒక లేత నీలం బయటపడితే, యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్లకు దానికి 84 అని మనవాళ్లే నంబరిచ్చారు. ఆ నంబరు ఏ జర్మన్ ఉత్తర్వులోనూ లేదు. ఆ నంబరుతో రంగు సీసాలు మాత్రం అమ్ముడవుతున్నాయి. మూతబడిన మంత్రిత్వ శాఖ పేరు మీద కొత్త జీవోలు తీయగల సత్తా అభిమానులకే ఉంది.

సాక్ష్యాలకు కొదవా? ఫొటోలున్నాయి, నలుపు తెలుపులో. అప్పటి ఫిల్ముల్లో ఒక రకానికి ఎరుపు అసలు ఆనదు. ఎరుపు నల్లగా పడుతుంది, పసుపు ముదురుగా, నీలం వెలవెలబోతూ పడుతుంది. అలాంటి ఫొటోలో ముక్కు దగ్గరి ఒక బూడిద మరకను భూతద్దంలో చూసి, ‘ఇది కొద్దిగా పసుపు కలిసిన ఆకుపచ్చ’ అని తీర్పు చెప్పగల కళ్లు లోకంలో ఉన్నాయి. పోలీసు శాఖ వాళ్లనింకా ఉపయోగించుకోకపోవడం విచారకరం.

కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఒక 109 విమానం, జీ-6 రకానిది, ఉంది. దాని మీద చాలావరకు యుద్ధకాలం నాటి రంగే మిగిలుంది, అలాంటివి బహు అరుదు. వెళ్లి చూసొచ్చి తగాదా తీర్చుకోవచ్చు కదా అంటారు అమాయకులు. ఆ రంగు వయసు 80 ఏళ్లు. వెలిసిందో, ముదిరిందో ఎవరు చెప్పాలి? అసలు విమానమే ఎదురుగా నిలబడినా, మన సీసాతో కలవకపోతే తప్పు విమానానిదే.

సీసాల సంగతి కూడా చెప్పాలి. 76 అని రాసి ఉన్న సీసాలు నాలుగు కంపెనీలవి తెచ్చి, నాలుగు ప్లాస్టిక్ స్పూన్ల వెనక ఎయిర్‌బ్రష్‌తో కొట్టి వరసగా ఆరబెట్టండి. ఒకటి బూడిద, ఒకటి నీలం, ఒకటి పాచిపట్టిన నీళ్లు, ఒకటి దాదాపు సున్నం. ట్యూబ్‌లైటు కింద నెగ్గిన స్పూను బాల్కనీలో ఓడిపోతుంది. చీరకు మ్యాచింగ్ బ్లౌజు ముక్క కోసం షాపులోంచి రోడ్డు మీదికొచ్చి ఎండలో పట్టి చూసే భార్యను చూసి నవ్విన మగవాళ్లే, ఇప్పుడు స్పూన్లు పట్టుకుని డాబా ఎక్కుతున్నారు. రంగు తేలిందని ఊపిరి పీల్చుకునేలోపు ఎవరో ఒకాయన స్కేల్ ఎఫెక్ట్ అంటాడు. చిన్న మోడల్‌ని దగ్గర్నుంచి చూస్తే అసలు విమానాన్ని దూరం నుంచి చూసినట్టట, దూరానికి రంగు పలచబడుతుందట, కాబట్టి కాస్త తెలుపు కలపాలట. అంటే, ఇంత శోధించి పట్టుకున్న అసలు రంగును ఆఖర్లో చెడగొడితేనే అసలు రంగు.

ఈ శ్రమంతా విమానం కనపడకుండా ఉండటానికి అని గుర్తుంచుకోవాలి. 1940లో ఇంగ్లండ్ మీదికెళ్లిన 109లకు పైనా పక్కలా ఒళ్లు దగ్గర పెట్టుకుని రంగులు వేసి, తర్వాత చాలావాటికి ముక్కంతా పసుపు కొట్టారు. తమవాళ్లు తమవాళ్లను గుర్తుపట్టాలి కదా! 1945 వసంతానికి మ్యూనిక్ దగ్గర రీమ్‌లో జర్మన్ ఫైటర్ పైలట్ గాలాండ్ నడిపిన దళం జేవీ 44 ఇంకా ముందుకెళ్లింది. వాళ్ల మెసర్‌ష్మిట్ 262 జెట్లు ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ కాపలాకు కొన్ని ఫోకె-వుల్ఫ్ 190 డీ-9 ఫైటర్లు పెట్టారు. వాటిని సొంత ఫిరంగులే కూల్చేస్తాయన్న భయంతో పొట్ట మొత్తం ఎరుపు వేసి తెల్ల చారలు గీశారు. కింద నుంచి చూస్తే తిరనాళ్లు. పైన మాత్రం శత్రువును మభ్యపెట్టే ఆకుపచ్చ యథాతథం. ఆ పైనున్నది 82నా, లేక 83 అని మనం పిలుచుకునే ఇంకో ఆకుపచ్చా అన్నదే మన టెన్షన్.

తోక ఒక రంగు, రెక్క ఇంకో రంగు ఎందుకుందని కొత్తవాళ్లు అడుగుతుంటారు. 1943 ఆగస్టు 17న అమెరికన్ బాంబర్లు రేగెన్స్‌బుర్గ్‌లోని మెసర్‌ష్మిట్ ఫ్యాక్టరీ మీద పడ్డాయి. దాడులు పెరిగేకొద్దీ పనిని ముక్కలు చేసి అడవులకు, సొరంగాలకు పంచారు. ఎక్కడి భాగానికి అక్కడి డ్రమ్ము. ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో క్వారీ రాళ్లు కొట్టే ఖైదీలనే 109 భాగాలు చేసే పనికి మళ్లించారు. గూజెన్‌లోనూ అదే జరిగింది. ఆ శిబిరాల్లో ఆకలికి, దెబ్బలకు వేలమంది చచ్చిపోయారు. దీనికి నంబరు లేదు, సీసా లేదు, పోటీల మార్కుల షీటులో గడి లేదు. తోక మీది స్వస్తిక్‌ను జర్మనీ చట్టం నిషేధించింది కాబట్టి మోడల్ మీద అతికించే గుర్తుల షీట్లలో (డెకాల్స్) చాలావాటిలో రెండు ముక్కలుగా ఇస్తారు, కలిపి అతికించుకోవడం కొన్నవాడి ఇష్టం. ఆకుపచ్చ దగ్గర చారిత్రక సత్యం కోసం గొంతు చించుకునే ఆసామి, ఈ మాట రాగానే ‘పాలిటిక్స్ ఎందుకు సార్, హాబీ కదా’ అంటాడు. నిజమే, మనది రంగుల సబ్జెక్టు. పక్కకెళ్లొద్దు.

అందుకే 83 విషయం ఒక్కటి మనవి చేసుకుని ఆపేస్తాను. మనందరం దశాబ్దాలుగా 83 అంటే ముదురు ఆకుపచ్చ అని నమ్మి కొట్టాం. ఈమధ్య కొందరు పరిశోధకులు పాత కాగితాలు తీసి, 83 అసలు ఆకుపచ్చే కాదు, ముదురు నీలం అంటున్నారు. రేపు అదే ఖాయమైతే, ఇప్పటికే ఆకుపచ్చ కొట్టిన మోడళ్లను రాత్రికి రాత్రి తప్పుల జాబితాలో చేర్చకుండా, కనీసం ఒక సంక్రాంతి దాకా గడువివ్వాలి. ఇళ్లల్లో మిగిలిపోయిన ఆకుపచ్చ సీసాలను 82 కింద చెలామణి చేసుకోవడానికి అనుమతించాలి. స్టాకు మిగిలితే పారెయ్యకుండా వాడెయ్యమని సాక్షాత్తూ ఆ శాఖే చెప్పింది కదా.