ఇంగ్లిష్ కన్నా ముందు యాస మీద సిగ్గు పోవాలి

2022-23లో మన తెలంగాణ సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. అయినా హన్మకొండ నయీంనగర్ దారిలో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు కనబడుతూనే ఉన్నాయి.

పోయిన నెల పరకాల వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి తన నోట్‌బుక్ చూపించింది. ఎడమ పక్క ఇంగ్లిష్ మాట, కుడి పక్క తెలుగు అర్థం. రోజుకు ఇరవై చొప్పున పుస్తకం నిండిపోయింది. 'కంఫర్టబుల్' పెట్టి ఒక వాక్యం చెప్పమన్నాను. తల దించుకుని, "తప్పయితే నవ్వుతరు సార్" అంది.

ఈ బట్టీ పద్ధతి మానేయాలి. తప్పు చేశాను, హోంవర్క్ చేశాను అంటాం. మనకు రెండూ చేయడమే. ఇంగ్లిష్‌లో మిస్టేక్‌కు 'మేక్', హోంవర్క్‌కు 'డూ'. ఈ సంగతి వాక్యం వింటేనే తెలుస్తుంది, జాబితా చెప్పదు.

ఉచ్చారణ దగ్గర ఇంకా పెద్ద చిక్కు. తెలుగులో దాదాపు రాసింది రాసినట్టే చదువుతాం, ఇంగ్లిష్‌నూ అలాగే చదవబోతాం. 'డెట్' (debt, అప్పు) అనే మాటలో బి అక్షరాన్ని లాటిన్ మూలం చూసి పండితులు తర్వాత చేర్చారు, అది పలకడానికి కాదు. 'ఫోటోగ్రాఫ్'లో ఒత్తు, అంటే నొక్కి పలకడం, మొదటి ముక్క మీద పడుతుంది. 'ఫోటోగ్రఫీ'లో అది రెండో ముక్కకు జరిగి, మొదటిది మెత్తబడి 'ఫటాగ్రఫీ'లా వినిపిస్తుంది. అందుకే ముందు చెవితో వినాలి, స్పెల్లింగ్ తర్వాత చూడాలి.

మన నోరేం తక్కువది కాదు. 'మేకు' అనండి, వెంటనే 'మేక' అనండి. రాతలో ఒకటే 'మే', నోట్లో వేర్వేరు. మేకలో నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. 'బ్యాట్'కు కావలసిన అచ్చు దాదాపు అదే!

కంపెనీ ఇంటర్వ్యూల్లో ఉచ్చారణ చూస్తారని, పోటీ పరీక్షల్లో పదాల అర్థాలు అడుగుతారని కొందరంటారు. నిజమే. కానీ ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా ఒత్తు సరిగ్గా పలికితే చాలు, దొర గొంతు అరువు తెచ్చుకోనక్కర్లేదు.

అసలు ఆ అమ్మాయి భయం ఇంగ్లిష్‌తో మొదలైంది కాదు. బడిలో 'వచ్చిండు' అంటే 'వచ్చాడు అనాలి' అని దిద్దిన రోజే మొదలైంది. సినిమాల్లో రౌడీకి, జోకులేసేవాడికి మన యాస పెట్టినప్పుడు ముదిరింది. సొంత భాషలోనే నవ్వులపాలైన పిల్ల పరాయి భాషలో ధైర్యంగా ఎట్లా మాట్లాడుతుంది? మడికొండలో పెరిగిన ప్రజాకవి కాళోజీకి ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిష్ అన్నీ వచ్చు. అయినా జనం నోటి మాటకే పెద్దపీట వేశారు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9న భాషా దినోత్సవం జరిపి, మర్నాడు తరగతిలో పిల్లల యాసను తప్పంటే ఆ దండలెందుకు?

"పొద్దున ఏమైందో ముందు నీ యాసల్నే చెప్పమ్మా" అన్నాను. బస్సు తప్పిపోయిన ముచ్చట గడగడా చెప్పింది. అదే ఇంగ్లిష్‌లో చెప్పమంటే ఐదు వాక్యాలు వచ్చాయి. వాటిలో రెండు వాక్యాల్లో తప్పులున్నాయి. ఆమె పూర్తిగా చెప్పేదాకా నేను ఆపలేదు.