దొంగిలించిన ఫైళ్లకు మన స్టేజీ మీద చప్పట్లా?

మన సంఘం డిసెంబర్ సేవా దినాలకు హనుమకొండ వచ్చినవాళ్లు యువజన విభాగం పెట్టిన గేమింగ్ పోటీ చూసే ఉంటారు. పొద్దున కంటి శిబిరం, స్కాలర్‌షిప్పుల పంపిణీ అయ్యాయి. మధ్యాహ్నం ఫంక్షన్ హాల్లో టీవీలు పెట్టి టెక్కెన్ 8 అనే ఫైటింగ్ గేము ఆడించారు. ఏర్పాట్లు బాగున్నాయి, బిర్యానీ ఇంకా బాగుంది. సెమీఫైనల్స్ అయ్యాక కాస్త ఖాళీ దొరికేసరికి ఎవరో ల్యాప్‌టాప్‌ను పెద్ద తెరకు తగిలించారు. 2023లో సోనీ కంపెనీ గేమ్ స్టూడియో ఇన్సామ్నియాక్ గేమ్స్ నుంచి దొంగిలించిన వుల్వరిన్ గేమ్ వీడియో ముక్కలు వేశారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్) జట్టు పిల్లలు లేచి "సోనోళ్ల పని అయిపాయె!" అని ఈలలేశారు. సోనీ వాళ్ల ప్లేస్టేషన్ జట్టు బూతులందుకుంది. మైకు పట్టుకున్న యాంకర్ ఆపాల్సింది పోయి ఇంకా ఎగదోశాడు. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులోకి ఆ లీకులోదేనంటూ ఉద్యోగుల పేర్ల పట్టిక ఒకటి వచ్చింది. "ఇండ్ల మనోళ్లు ఎంతమంది ఉన్నరో చూడుండ్రి" అని కింద ఒక వ్యాఖ్య, దాని కింద నవ్వు బొమ్మల వరస. ఆ గ్రూపులో సగం ఈసీ (మన కార్యవర్గం) ఉంది. తీసేయండి అన్నవాళ్లు ఒక్కరు లేరు.

ఆ ఫైళ్లు ఎట్లా బయటపడ్డాయో చెప్పుకుంటే గాని ఆ నవ్వుల బరువు తెలియదు. రైసిడా అనే ర్యాన్సమ్‌వేర్ ముఠా (కంపెనీల ఫైళ్లు దోచి డబ్బు గుంజేవాళ్లు) 2023 డిసెంబర్ 12న ఇన్సామ్నియాక్ పేరును తన సైట్లో పెట్టింది. వారం గడువిచ్చి, 50 బిట్‌కాయిన్ల నుంచి వేలం పాట మొదలుపెట్టింది. అప్పటి ధరకు అది దాదాపు 20 లక్షల డాలర్లు. గడువు దాటగానే 1.67 టెరాబైట్ల సరుకును, 13 లక్షలకు పైగా ఫైళ్లను, బజార్లో పడేసింది. గేమ్ వీడియోలు అందులో కొంత మాత్రమే. పాస్‌పోర్ట్ స్కాన్లు, హెచ్ఆర్ కాగితాలు, ఆఫీసు చాట్లు కూడా ఉన్నాయి. ఉద్యోగులవే కాక మాజీ ఉద్యోగులవీ కాంట్రాక్టర్లవీ వ్యక్తిగత వివరాలు పోయాయని స్టూడియోనే ప్రకటించింది.

కాంట్రాక్టర్లంటే ఎవరో ఈ పత్రిక చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక క్లయింటు దగ్గర ఎనిమిది నెలలు, ఇంకో క్లయింటు దగ్గర ఏడాదిన్నర. మనిషి వెళ్లిపోయినా కాగితాలు అక్కడే ఉంటాయి. అమెరికాలో పనిచేసే హక్కు ఉందని చూపే ఐ-9 ఫారాన్ని చేరిన తేదీ నుంచి మూడేళ్లు, లేదా ఉద్యోగం వదిలాక ఏడాది, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా యజమాని దాచాలని చట్టం. దానికి పాస్‌పోర్ట్ కాపీ జతచేసి పెట్టే కంపెనీలు బోలెడు. అంటే తాను పరీక్షించిన గేమ్ పేరు కూడా మర్చిపోయిన టెస్టర్ వివరాలు కూడా ఇట్లాంటి లీకులో తేలొచ్చు. పాస్‌వర్డ్ అయితే రెండు నిమిషాల్లో మార్చుకుంటాం. పుట్టిన తేదీ మారదు, సోషల్ సెక్యూరిటీ నంబరు దాదాపు మారదు, పాస్‌పోర్ట్ నంబరు మారాలంటే మళ్లీ కొత్త బుక్కు తీసుకోవాల్సిందే.

పక్కింట్లో దొంగలు పడి బీరువా పగలగొట్టి, పట్టాదారు పాస్‌పుస్తకాలు బజార్లో విసిరేసి పోతే, ఏరి తెచ్చి వాళ్లకిస్తాం తప్ప వాడకట్టంతా నిలబడి చదువుకోం కదా.

ఇక్కడ కన్సోల్ అభిమానుల పాత్ర చిన్నదేం కాదు. టోర్ (ఎవరో తెలియకుండా వాడే నెట్ దారి) మీద నడిచే ముఠా సైటు నత్తనడక నడుస్తుంది. అక్కడికి వెళ్లి టెరాబైట్లకు టెరాబైట్లు దించుకునే ఓపిక, స్థలం మామూలు మనిషికి ఉండవు. ఎవరో కొందరు దించి, ముక్కలు చేసి, రుచిగా ఉన్నవి ఏరి పైన పెడతారు. అక్కణ్నుంచి మోసేది అభిమానులే. ఒక పక్షం ఎగతాళికి పంచుతుంది, రెండో పక్షం జవాబు చెప్పడానికి మళ్లీ పంచుతుంది. ముఠాకు కావలసింది కూడా ఈ రచ్చే. డబ్బు కట్టని కంపెనీకి ఎంత పరువు పోయిందో చూపిస్తేనే రేపు ఇంకో కంపెనీ భయపడి కడుతుంది. జీతం లేకుండా వాళ్లకు ప్రచారం చేసిపెడుతున్నది మన పిల్లలు. మొన్న ఆ ప్రచారానికి హాలు అద్దె కట్టింది మన సంఘం.

పోనీ ఈ పక్షాలేమన్నా ఆలోచించి ఎంచుకున్నవా? వరంగల్ పిల్లల్లో చాలామందికి పక్షం సూట్‌కేసులో వచ్చింది. డాలస్ బాబాయి ప్లేస్టేషన్ తెస్తే పిల్లగాడు సోనీ పక్షం, న్యూజెర్సీ మేనమామ సిరీస్ ఎక్స్ తెస్తే మైక్రోసాఫ్ట్ పక్షం. (తెచ్చేవాళ్లకు ఒక మాట. రెండూ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్ను మారిస్తే చాలు. వారంటీ మాత్రం కొన్న దేశానిదే. ప్లేస్టేషన్ ఖాతాకు దేశం ఒకసారి పెడితే మారదు. అమెరికా ఖాతా తెరిచి ఇచ్చారంటే ఇక్కడి కార్డుతో కొనబోయినప్పుడు తిప్పలే. అందుకని ఖాతా ఇండియాదే తెరిచివ్వండి.)

కంపెనీల సంగతి చూస్తే పిల్లల పౌరుషం మీద జాలేస్తుంది. 2019 మేలో సోనీ, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవల మీద అవగాహన ఒప్పందం రాసుకున్నాయి. "సోనీ స్టూడియో" అని మొన్న అంత ఎగతాళికి గురైన ఇన్సామ్నియాక్‌ను సోనీ కొన్నదే 2019లో. అంతకుముందు 2014లో అదే స్టూడియో సన్‌సెట్ ఓవర్‌డ్రైవ్ గేమును ఎక్స్‌బాక్స్ వన్ కోసం చేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫోర్జా హొరైజన్ 5 గేము 2025లో ప్లేస్టేషన్ 5కి వచ్చేసింది. దెబ్బలు కూడా ఒక వైపే పడలేదు. 2011 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ మీద దాడి జరిగి 7.7 కోట్ల ఖాతాల వివరాలు పోయాయి, మూడు వారాలకు పైగా సేవలు ఆగాయి. 2014 క్రిస్మస్‌కు ఒకే ముఠా రెండు నెట్‌వర్కులనూ పడగొట్టింది. కొత్త కన్సోల్ విప్పుకున్న పిల్లలు ఆ రోజు ఏ పక్షమైనా ఖాళీ తెరే చూశారు.

అట్లాగని పక్షం కట్టడమే తప్పంటే మన ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. మొదటి ఆట రోజు థియేటర్ ముందు ఫ్లెక్సీలు కట్టి, కటౌట్లకు పాలు పోసి, అవతలి హీరో అభిమానులతో లొల్లి పెట్టుకుని, మళ్లీ అందరూ ఒకే బండి దగ్గర మిర్చి బజ్జీలు తిన్న ఊరు మనది. ఆ సరదా పిల్లలకు కన్సోల్ రూపంలో అందింది, అందనివ్వండి. టెక్కెన్ 8లో ప్లేస్టేషన్ ఆటగాడు, ఎక్స్‌బాక్స్ ఆటగాడు ఎవరి మిషన్ మీద వాళ్లుండి ఆన్‌లైన్‌లో తలపడొచ్చు. పౌరుషం అక్కడ చూపించుకోవచ్చు.

లీకుల వల్ల మంచి కూడా జరుగుతుందని వాదించేవాళ్లున్నారు. ఒక్కో గేముకు ఎంత ఖర్చవుతుందో, ఎవరి ఉద్యోగాలు పోతాయో కంపెనీలు చెప్పవు, లీకులు చెబుతాయి అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఖర్చుల సంగతి దొంగతనం లేకుండానూ బయటికొచ్చింది. 2023 జూన్‌లో యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనడం మీద అమెరికా కోర్టులో వాదనలప్పుడు సోనీ సమర్పించిన కాగితాల్లో అంకెలను నల్ల మార్కర్‌తో కొట్టేశారు. స్కాన్ చేస్తే కిందివి కనిపించాయి. రెండు పెద్ద గేములకు ఒక్కోదానికి 20 కోట్ల డాలర్లకు పైగా అయిందని లోకానికి తెలిసింది. అదే సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ కాగితాలు కూడా అదే కేసులో పొరపాటున బయటపడ్డాయి. వాటి మీద ఎంతైనా వాదించుకోండి, అవి కంపెనీ కాగితాలు. ఒక టెస్టర్ పాస్‌పోర్ట్ వల్ల లోకానికి తెలిసే రహస్యమేముంది? ఇన్సామ్నియాక్ లీకులోని లెక్కలు నేనిక్కడ రాయకపోవడానికి కారణం కూడా అదే.

పంచుకోవడంతో ఆగితే ఇంతే. దించుకుంటే ప్రమాదం మన ఇంటికే వస్తుంది. "లీకైన బిల్డ్" (ఇంకా పూర్తికాని గేము) అని తిరిగే ఫైల్ చాలాసార్లు పాస్‌వర్డ్ పెట్టిన జిప్. యాంటీవైరస్ లోపల చూడకూడదనే ఆ పాస్‌వర్డ్. నడిపే ముందు విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేయమని పక్కనే సూచన ఉంటుంది. ఆపి నడిపితే బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్లు, లాగిన్ కుకీలు (లాగిన్ అయ్యామని బ్రౌజర్ దాచుకునే గుర్తులు), చాట్ యాప్ డిస్కార్డ్ టోకెన్లు నిమిషాల్లో మూటకట్టుకుపోతాయి. కుకీ చేతికొస్తే ఓటీపీ కూడా అడ్డుకోదు, ఎందుకంటే అప్పటికే లాగిన్ అయిన మనిషిలాగే వాడు లోపలికొస్తాడు. 2021లో ఈఏ అనే గేమ్ కంపెనీలోకి దొంగలు దూరింది ఇట్లాంటి స్లాక్ (ఆఫీసు చాట్ యాప్) కుకీతోనే. దాన్ని 10 డాలర్లకు కొన్నారు. ఆపైన "పార్టీలో ఫోన్ పోయింది" అని ఐటీ సపోర్ట్‌కు చాట్ చేసి లాగిన్ టోకెన్ తెప్పించుకున్నారు. 780 గిగాబైట్లు ఎత్తుకుపోయారు. హెల్ప్‌డెస్కుల్లో పనిచేసే మనవాళ్లు వేలల్లో ఉన్నారు. చాట్లో అడిగితే టోకెన్ ఇవ్వకండి. రికార్డులో ఉన్న నంబరుకు మీరే తిరిగి ఫోన్ చేయండి, మేనేజర్ చేత ధ్రువీకరించుకోండి.

ఇంటి కంప్యూటర్ ఆఫీసును ముంచిన సందర్భాలూ ఉన్నాయి. 2022లో పాస్‌వర్డ్లు దాచిపెట్టే లాస్ట్‌పాస్ కంపెనీ ఇంజనీరు ఇంటి కంప్యూటర్లో అప్‌డేట్ చేయని ఒక మీడియా సాఫ్ట్‌వేర్ ఉంది. దాని గుండా కీలాగర్ (కీబోర్డు మీద కొట్టినవన్నీ దొంగిలించేది) ఎక్కించారు. 2024లో డిస్నీ స్లాక్ చాట్లు ఒక టెరాబైటుకు పైగా పోయింది, ఒక ఉద్యోగి ఇంట్లో దించుకున్న ఏఐ టూలు వల్ల. అందుకని తండ్రి ఆఫీసు పని చేసుకునే కంప్యూటర్ మీద కొడుకు లీకు బిల్డ్ నడపనే కూడదు. నడిపేశాడని తెలిస్తే ముందు నెట్ తీసేయండి. శుభ్రంగా ఉన్న ఇంకో ఫోన్ నుంచో ల్యాప్‌టాప్ నుంచో ఈమెయిల్‌తో మొదలుపెట్టి అన్ని ఖాతాల్లో "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" కొట్టండి. ఆ తర్వాత పాస్‌వర్డ్లు మార్చి, చివర్న విండోస్‌ను పూర్తిగా చెరిపి మళ్లీ ఎక్కించండి. ఈ వరస తప్పకూడదు. సోకిన మిషన్ మీదే కొత్త పాస్‌వర్డ్ కొడితే అదీ వాడికే చేరుతుంది. ఆఫీసుకు చెప్పడానికి మొహమాటపడితే మొదటి గంట వృథా.

వివరాలు లీకులో పోయాయని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చినవాళ్లు అమెరికా క్రెడిట్ సంస్థలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరు మీద వేరేవాళ్లు కొత్త అప్పు తీయకుండా తాళం) పెట్టండి. ఒక్కదాంట్లో పెట్టి ఊరుకుంటే మిగతా రెండూ తెరిచే ఉంటాయి. 2018 నుంచి ఇది ఉచితం. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే ఆరంకెల ఐపీ పిన్ తీసుకుంటే మీ పేరు మీద ఇంకొకరు పన్ను రిటర్ను వేయలేరు. ఇండియాలో డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంకో సంగతి కటువుగానే చెప్పాలి. స్టూడియో సర్వర్లో పాస్‌పోర్ట్ కాపీలున్నాయని నవ్విన మనం, సేవా దినాల రిజిస్ట్రేషన్‌కు వలంటీర్ల పాస్‌పోర్టులు, స్కాలర్‌షిప్ పిల్లల ఆధార్లు గూగుల్ ఫారంలో తీసుకున్నాం. ఆ ఫోల్డర్ లింకు "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అనే తీరులో ఉంది. ఆ పిల్లలు ఆధార్ కాపీలను జిరాక్స్ సెంటర్ వాట్సాప్‌కు పంపి ప్రింట్ తీయించారు. ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఊరందరి కాగితాలుంటాయి. కొందరు నంబరును ఫోన్లో హైలైటర్‌తో కొట్టేసి పంపారు. హైలైటర్ రంగు పలచన, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచితే నంబరు చదవొచ్చు. కోర్టు కాగితాల్లో మార్కర్ కింద అంకెలు కనపడ్డట్టే. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెట్టినా కింది అక్షరాలు కాపీ అవుతాయి. దీనికి మంచి దారి మాస్క్డ్ ఆధార్. ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సంస్థ సైట్లో చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే కాపీ ఉచితంగా దొరుకుతుంది. ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం అని అందరికీ తెలుసు కాబట్టి దాన్ని తాళం అనుకోకండి.

ఈసీ పెద్దలకు, యూత్ కమిటీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఇది. వచ్చే పోటీలో పెద్ద తెరకు వలంటీరు ల్యాప్‌టాప్ తప్ప ఇంకోటి తగలనివ్వకండి. లీకు ముక్క వేసిన జట్టును, ఏ పక్షమైనా, ఆ ఆటకు తప్పించండి, ఈ నియమాన్ని రిజిస్ట్రేషన్ కాగితం మీదే అచ్చువేయండి. వాట్సాప్ గ్రూపులో ఇట్లాంటి పట్టిక వస్తే అడ్మిన్ వెంటనే "అందరికీ డిలీట్" కొట్టాలి, రోజులు గడిస్తే ఆ వీలుండదు. మొన్నటి పట్టికను చాట్లో ఎవరికి వారే తీసేసుకోవాలి. ఫోన్లలోకి దిగినవి దానితో పోవు కాబట్టి గ్యాలరీ నుంచి, ఫైల్స్ నుంచి ఎవరికి వారు తీసేయాలి. సేవా దినాల ఫోల్డర్ లింకు ఈ వారమే మూయించండి, స్కాలర్‌షిప్ డబ్బు చేరినవాళ్ల ఆధార్ కాపీలు తీసేయించండి. గూగుల్ డ్రైవ్‌లో డిలీట్ చేసిన ఫైల్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, అందుకని ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. ఫోల్డర్ లింకు అందిన వలంటీర్లందరికీ ఫోన్ చేసి, కాపీ తీసుకుని ఉంటే తీసేయమనండి.