వేప కషాయంతో జకూమాకు వెళ్లకండి

ఆఫ్రికాలోని చాద్ దేశంలో ఏనుగులుండే జకూమా జాతీయ పార్కుకు చవకగా వెళ్లి రావడం ఎలాగో చెప్పే వాట్సాప్ మెసేజ్ ఒకటి ఎడతెరిపి లేకుండా వస్తోంది. పంపేవాళ్లు ఒకసారైనా చదువుతున్నారా? నమ్మి బయలుదేరితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆగస్టులో టికెట్లు చవక, అప్పుడు వెళ్లమంటారు. ఆగస్టులో అక్కడ దారులన్నీ నీట మునిగి ఉంటాయి, విడిదులు మూసి ఉంటాయి. ఏనుగులు కూడా పార్కు దాటి వెళ్లిపోతాయి. దీనికింతే జవాబు.

అన్నిటికన్నా ఘోరమైన సలహా ఇది: మలేరియా మాత్రలు వేడి చేస్తాయట, రోజూ వేపాకు కషాయం తాగితే చాలట! చాద్‌లో ఎక్కువగా ఉన్నది ఫాల్సిపారం అనే రకం మలేరియా. ముదిరిందంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. ఆ అడవిలో పెద్దాసుపత్రి ఎక్కడుంది? డాక్టరు డాక్సీసైక్లిన్ అనే మలేరియా నివారణ మాత్ర రాస్తే, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ వేసుకుని, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు కొనసాగించాలి. చాలామంది ఇల్లు చేరగానే మానేస్తారు. కాలేయంలో దాగిన క్రిమి రక్తంలోకి దిగేది ఆ తరువాతే కావచ్చు. ఇంటికొచ్చాక జ్వరం తగిలితే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు మొదట చెప్పండి. వేప మన పెరటి చెట్టు, దాని మీద నాకూ గౌరవమే. దాని పేరు చెప్పి మనుషుల్ని చావుకు పంపకండి.

దోమకాటుతో వచ్చే ఎల్లో ఫీవర్‌కు టీకా వేయించుకోకుండానే సర్టిఫికెట్ కొనుక్కోవచ్చన్నది మరో సలహా. సర్టిఫికెట్ దోమను ఆపుతుందా? హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఆ టీకా వేస్తారు. కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి.

తుపాకీ పట్టిన కాపలాదారులు యాత్రికుల్ని బెదరగొడతారని మరొక ఆరోపణ. 2002లో అక్కడ 4,000కు పైగా ఉన్న ఏనుగులు 2010 నాటికి సుమారు 450కి పడిపోయాయి. దంతాల కోసం వేటగాళ్లు గుర్రాల మీద వచ్చి మందలనే కాల్చేశారు. భయంతో ఏనుగుల్లో ఈనడమే దాదాపు ఆగిపోయింది. 2012 సెప్టెంబరులో హెబాన్ కొండ వద్ద తెల్లవారుజామున నమాజు వేళ ఆరుగురు కాపలాదారుల్ని వేటగాళ్లు చంపారు. మిగిలినవాళ్లు అడవిని వదిలి పోలేదు. ఇప్పుడు ఏనుగులు 600 దాటాయి, గున్నలు మళ్లీ కనిపిస్తున్నాయి. ఆ మనుషుల తుపాకీ మీకు అడ్డమనిపించిందా?

మొదటిసారి ఆఫ్రికా అడవులకు వెళ్లేవారికి జకూమా తగదని చివర రాశారు. ఆ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. ఖర్చు విపరీతం, చేరడం కష్టం. ముందు కెన్యాలోని మాసాయి మారా చూసి రండి. మాత్రలు అక్కడికీ కావాలి.