శాలువాలకు ఉన్న డబ్బు మైకులకు లేదా?

మొన్న డిసెంబరులో మన సంఘం బెజవాడలో పెట్టిన కచేరీ వీడియో మీరూ చూసే ఉంటారు. సన్మాన ప్రసంగాలు పొల్లుపోకుండా వినిపించాయి. వయొలిన్‌ని మాత్రం వెతుక్కోవాలి. ఆ రోజు నేను హాల్లోనే ఉన్నాను. కాంభోజి ఆలాపనకి వయొలిన్ ఆవిడ ఇచ్చిన జవాబుకి మొదటి వరుసలోంచి మా బాబాయి గట్టిగా ‘శభాష్’ అన్నాడు. రికార్డింగులో ఆ శభాష్ ఖణీమని ఉంది. దేనికి అన్నాడో అది దోమ పాటలా ఉంది.

సౌండ్ అబ్బాయిని తిట్టి లాభం లేదు. మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సర్ నుంచి కెమెరాకి లైన్ ఇమ్మన్నాం, ఇచ్చాడు. చిన్న హాల్లో వయొలిన్, మృదంగం వాటంతటవే వినిపిస్తాయి కాబట్టి వాటి మైకులు తగ్గించి, గొంతు పెంచాడు. హాలుకి అది సరైన పనే. రికార్డింగుకి వేరే చెవులు కావాలి.

1948 నుంచి ఆకాశవాణి ఉన్న ఊరు, భక్తిరంజనితో తెల్లారిన ఊరు! అలాంటి చోట మనకి ‘సౌండ్ పెంచండి’ తప్ప వేరే మాట రాకుండా పోయింది.

నేను అడిగేది పెద్ద స్టూడియో కాదు. చిన్న డయాఫ్రమ్ (శబ్దానికి కంపించే పల్చటి పొర) ఉన్న కండెన్సర్ మైకులు ఒక జత, కార్డియాయిడ్‌వి, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేవి. 17 సెంటీమీటర్ల ఎడంలో, 110 డిగ్రీల కోణంలో ఒకే స్టాండుకి బిగించి, కళాకారులకు ఐదారడుగుల ముందు, తల ఎత్తుకి కాస్త పైన పెట్టాలి. ఈ మైకులకి కేబుల్ ద్వారానే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చే రికార్డరు విడిగా ఉండాలి. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని ఈ మైకులు తక్కువగా తీసుకుంటాయి కాబట్టి జనం దగ్గులు కొంత తగ్గుతాయి. అన్ని వైపుల శబ్దాన్నీ తీసుకునే ఓమ్నీ రకం ఇంకా సహజంగా పలుకుతుంది గానీ, మన హాళ్లలో ఫ్యాన్లూ, క్యాంటీన్ గిన్నెలూ కూడా కచేరీ చేస్తాయి. డిసెంబరులో బెజవాడలో అయినా ఓ గంట ఫ్యాన్లు ఆపొచ్చు లెండి.

ఇదే జత రేపు ఇంట్లో వీణకీ, పంచరత్న గోష్ఠికీ, పిల్లల భజనకీ పనికొస్తుంది. 1966 నుంచి వేదికలేలుతున్న ఎస్ఎం58 మైకు నోటి దగ్గర పెట్టుకుని పాడటానికి మంచిదే. దాన్ని పదిమంది ముందు దూరంగా నిలబెడితే గోష్ఠి పలచబడిపోతుంది.

కమిటీవారికి ఒక్క మనవి. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి వస్తోంది. మెమెంటోల పద్దులోంచి ఓ భాగం తీసి ఆలోగా ఈ జత కొనండి. ఇద్దరు కుర్రాళ్లకి ముందురోజే హాల్లో స్టాండు పెట్టి, హెడ్‌ఫోన్స్‌తో విని చూసుకునే టైమివ్వండి. నాకు కప్పాలనుకున్న శాలువా ఏదైనా ఉంటే, దాని ఖరీదు కూడా అందులో కలిపేయండి.