రాత్రి పదింటికి షట్టర్లు పడితే బెజవాడకు కల్చర్ లేనట్టేనా?

"నైట్ లైఫ్ లేని ఊళ్లో కల్చర్ ఉండదు." ఈ మాట ఈ మధ్య తరచూ వింటున్నాం. అన్నవాళ్లు వెంటనే విజయవాడను ఉదాహరణగా చూపిస్తారు. వాళ్ల వాదన ఇది: హైదరాబాద్, బెంగళూరుల్లో అర్ధరాత్రి దాకా రోడ్లు కళకళలాడతాయి, కేఫ్‌లు, పబ్‌లు, లైవ్ మ్యూజిక్ ఉంటాయి, అందుకే కళాకారులు అక్కడ పుట్టుకొస్తారు. బెజవాడ పదింటికల్లా పడుకుంటుంది, స్ట్రీట్ లైఫ్ లేదు, తినడం, సినిమా చూడటం తప్ప అక్కడ ఏమీ లేదు. షాపులు 24 గంటలూ తెరవనిస్తే కల్చర్ దానంతటదే వస్తుంది.

ఇందులో ఒక నిజం ఉంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను. మిగతాది మాత్రం ఒప్పుకోలేను, ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదట, రాత్రి మేలుకున్న ఊళ్లోనే కళ ఉంటుందన్న మాట. విజయవాడ తెలుగువాళ్లందరికీ ఇచ్చిన సంగీతంలో ఎక్కువ భాగం తెల్లవారుజామున వినిపించింది. 1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అక్కడ మంగళంపల్లి బాలమురళీకృష్ణ చేతుల్లో రూపుదిద్దుకున్న పొద్దుటి భక్తిగీతాల కార్యక్రమం 'భక్తిరంజని' ఎన్నో తరాలను నిద్రలేపింది. కాఫీ గిన్నె స్టవ్ మీద పెడుతూ రామదాసు కీర్తన విన్నవాళ్లు, బడికి తల దువ్వించుకుంటూ తత్వాలు నేర్చుకున్నవాళ్లు రాష్ట్రమంతా ఉన్నారు. ఆ పాటలకు టికెట్ లేదు, డ్రెస్ కోడ్ లేదు, రేడియో ఉంటే చాలు. సొంత రేడియో లేనివాళ్లకు పక్కింటి గోడ అవతల నుంచి వినిపించేది.

ఆ బాలమురళి ఎక్కణ్నుంచి వచ్చారు? పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు శిష్యుల్ని చేరదీసి పాఠం చెప్పారు కాబట్టి వచ్చారు. వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి గారిదీ ఆ శిష్యవర్గమే. ఆయన ఆకాశవాణిలో పనిచేశారు, అదే ఊళ్లో ఉంటూ పాఠాలు చెప్పారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఊళ్లో ప్రభుత్వ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణే. ఇప్పుడది ఘంటసాల పేరుతో దుర్గాపురంలో ఉంది. గురువు, శిష్యుడు, రేడియో స్టేషన్, కాలేజీ, వినేవాళ్లు. ఈ గొలుసులో రాత్రి పదకొండింటికి తెరిచి ఉండాల్సిన షాపు ఎక్కడుందో నాకైతే కనిపించడం లేదు.

ఇది బెజవాడ ప్రత్యేకత అని ఎవరైనా అంటే మద్రాసు వైపు చూడమంటాను. నైట్ లైఫ్ పోటీ పెడితే చెన్నైకి దేశంలో ఏ బహుమతీ రాదు. కానీ డిసెంబర్ వస్తే ఊరంతా కచేరీలే. మ్యూజిక్ అకాడమీ 1928లో పుట్టింది, దానితోపాటు కచేరీలు పెట్టే సభలు పదుల సంఖ్యలో, ఉపన్యాసాలు, కుర్ర కళాకారులవి మధ్యాహ్నం ఉచిత కచేరీలు, పెద్ద విద్వాంసులవి సాయంత్రం. జనం ఒక హాలు నుంచి ఇంకో హాలుకు ఆటోల్లో పరుగెడతారు, మధ్యలో సభ క్యాంటీన్‌లో టిఫిన్ చేస్తారు, రాత్రి తొమ్మిదిన్నర, పదింటికి ఇంటికి చేరతారు. 2017లో యునెస్కో చెన్నైని సంగీత నగరంగా గుర్తించింది. అక్కడ వినిపించే త్యాగరాజ కీర్తనలు చాలావరకు మన భాషలోవే కదా!

రెండో మాట, హైదరాబాద్‌లో, బెంగళూరులో కళ వికసించింది నైట్ లైఫ్ వల్లేనని. బెంగళూరులో నాటకం చూసేవాళ్లను అడగండి, చర్చి స్ట్రీట్ పబ్‌ల పేరు చెప్పరు. జేపీ నగర్‌లో 2004లో మొదలైన రంగశంకర అనే నాటకశాల పేరు చెబుతారు. ఆట ఏడున్నరకు, ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వరు, అయిపోగానే అందరూ ఇళ్లకు పోతారు. రోజుకో నాటకం ఆడాలన్న పట్టుదల, సామాన్యులు కొనగలిగే టికెట్. ఆ రెండింటితోనే అక్కడ ప్రేక్షకులు తయారయ్యారు. హైదరాబాద్‌లో రవీంద్రభారతి 1961 నుంచి నడుస్తోంది. బంజారా హిల్స్‌లో 2010లో ఒక పాత ఇంట్లో లమకాన్ మొదలైంది. అక్కడ మందు ఉండదు, టీ, సమోసా ఉంటాయి, చెట్ల కింద నాటకం, గజల్, చర్చ ఉంటాయి. హైదరాబాద్ కల్చర్ అని గర్వంగా చెప్పుకునేవాటిలో ఇవే ముందు వరుసలో ఉంటాయి. చుట్టుపక్కల పబ్‌లు ఉండొచ్చు, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. పక్కపక్కన ఉన్నాయి కదా అని ఒకదాని ఫలితాన్ని ఇంకోదాని ఖాతాలో వేయకూడదు.

"తినడం, సినిమా తప్ప ఏమీ లేదు" అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. మారుతీ టాకీస్ వచ్చిన 1921 నుంచి సినిమా ఈ ఊరి బతుకులో భాగం. తెలుగు సినిమా పంపిణీ ఆఫీసులు గాంధీనగర్ సందుల్లో పెరిగాయి. దాన్ని కళ కింద లెక్కేయనివాళ్లతో వాదన ఇంకోచోట పెట్టుకుందాం.

ఇక స్ట్రీట్ లైఫ్. బెజవాడలో లేదని ఎలా అంటున్నారో అర్థం కాదు. సాయంత్రం ఆరింటికి బీసెంట్ రోడ్డులో నడిచి చూడండి, భుజం తగలకుండా పది అడుగులు వేయలేరు. ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్ల ముందు ఒక్క పావుగంట నిలబడండి. పైన ఇంటర్ గైడ్లు, పోటీ పరీక్షల బిట్ బ్యాంకులు. వాటి కింద అట్ట ఊడిపోయిన నవలలు, ఎవరి ఇంట్లోంచో కట్టలుగా వచ్చిన వారపత్రికలు, లోపల పేజీలో ఇంకు పెన్నుతో "చిరంజీవి సౌభాగ్యవతికి" అని రాసిన బహుమతి పుస్తకాలు. కొనేవాడు, అమ్మేవాడు బేరంతో పాటు రచయిత గురించి కూడా మాట్లాడుకుంటారు. అక్కడికి దగ్గర్లోనే అలంకార్ సెంటర్ ధర్నాచౌక్. అంగన్‌వాడీ అక్కలు పాటకు పాట కట్టి పాడుతుంటే విన్నవాళ్లకు తెలుసు, వీధి అంటే ఏమిటో. ఆ గొంతుల్ని స్ట్రీట్ లైఫ్ లెక్కలో వేయకుండా, రోడ్డు మీద కుర్చీలేసిన కేఫ్‌ను మాత్రమే వేస్తే ఆ లెక్క డబ్బున్నవాళ్ల లెక్క.

రాత్రి సంగతీ అంతే. మనకు నైట్ లైఫ్ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కూచిపూడి భాగవతులు రాత్రంతా ఆడేవారు. బుర్రకథ, తోలుబొమ్మలాట, పద్యనాటకం అన్నీ రాత్రి వ్యవహారాలే. షేక్ నాజర్ బుర్రకథ అంటే చాపలు పట్టుకుని పక్క ఊళ్ల నుంచి నడిచి వచ్చేవారు. ఇప్పటికీ శివరాత్రికి కోటప్పకొండ దగ్గర ప్రభల వెలుగులో తెల్లవార్లూ జనం ఉంటారు. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి కింద అర్ధరాత్రి నుంచే క్యూలు. వీటిలో వేటికీ బిల్లు రాదు, అందుకే ఎవరి నైట్ లైఫ్ జాబితాలోనూ ఇవి ఎక్కవు.

షాపులు తెరిస్తే కల్చర్ దానంతటదే వస్తుందన్న మాట అన్నింటికన్నా బలహీనమైనది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో షాపులు 24 గంటలూ నడపొచ్చని జీవో ఇచ్చింది. అందులో సిబ్బందికి వారానికో సెలవు, రాత్రి డ్యూటీ చేసే మహిళల భద్రత, వాళ్ల రవాణా లాంటి నిబంధనలున్నాయి. మంచివే. రిహార్సల్ గది గురించి, హాలు అద్దె గురించి అందులో ఉండాలని ఎవరూ కోరరు, అది వ్యాపార వేళల జీవో. దాన్నుంచి కల్చర్ ఆశించడం మన తప్పు. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటివాళ్లు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. ఊరూరా పఠనమందిరాలు తెరవడానికి పూనుకున్నారు. కల్చర్ కావాలనుకున్నవాళ్లు చేసిన పని అదీ. 1989 నుంచి దాదాపు ఏటా జనవరి ప్రాంతంలో జరుగుతున్న పుస్తకాల పండగ కూడా అలా పూనుకుంటేనే నిలబడింది. చాలా ఏళ్లు అది స్వరాజ్ మైదానంలో జరిగింది. ఇప్పుడా మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం, స్మృతివనం ఉన్నాయి. అది ఊరికి గౌరవమే. పుస్తకాల పండగకు మాత్రం ఇదీ నీ చోటు అని ఒకటి రాసివ్వాల్సిన బాధ్యత ఊరి మీద ఉంది.

ఇప్పుడు ఆ వాదనలో ఉన్న నిజం. రాత్రి తొమ్మిది తర్వాత బెజవాడ ఆడవాళ్లకు సులువైన ఊరు కాదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటకం రసపట్టులో ఉండగా వెనక వరసల్లో చెప్పులు వెతుక్కునే చప్పుడు మొదలవుతుంది. బస్సు పోతుందన్న టెన్షన్. ముందు లేచేది ఎప్పుడూ ఆడవాళ్లే, పిల్లల్ని భుజాన వేసుకుని. కథ ఏమైందో మర్నాడు ఎవరినో అడిగి తెలుసుకుంటారు. నాటకం ఆడేవాళ్లు కూడా ఇది తెలిసి చివరి అంకం తొందరగా లాగించేస్తారు. షట్టర్లు అర్ధరాత్రి దాకా తెరిచినా అలా మధ్యలో లేచిపోయే ఆమెకు ఒరిగేదేమీ లేదు, ఆటోకు మూడొందలు ఇచ్చుకోలేదు కాబట్టి.

కాబట్టి ఊరికోసం నిజంగా ఏదైనా అడగదలిస్తే నావి ఇవి: కళాక్షేత్రంలో నెలకు నాలుగు సాయంత్రాలు చిన్న బృందాలకు నామమాత్రపు అద్దెకు ఇవ్వాలి. సంగీత కళాశాలలో ఖాళీలుంటే నింపాలి. ప్రదర్శన ఉన్న రోజున ఆట వదిలాక పటమట, భవానీపురం, సింగ్‌నగర్ వైపు ఒక్కో సిటీ బస్సు వేయాలి, వీధి దీపాలు వెలగాలి. కార్పొరేషన్, ఆర్టీసీ కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే నెల నుంచే ఆ బస్సులు నడపొచ్చు.