మామగారి మెడలో మెడల్, నా నోట్లో డోప్

మా మామగారికి అరవై ఎనిమిదేళ్లు. మొన్న పది కిలోమీటర్ల నడక పోటీ పూర్తి చేసి, మెడలో మెడల్ వేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టి ఫొటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను అల్లుణ్ణి కదా, పదిమందిలో ఒకడిలా చప్పట్లు కొడితే ఏం బాగుంటుంది? ముందురోజే మా బావమరిది కొడుకు నా కొత్త బూట్లు చూసి "డోప్ ఉన్నాయి మావయ్యా" అన్నాడు. అంటే ఏంట్రా అంటే "అదిరిపోయాయి అని" అన్నాడు. ఆ మాట ఎక్కడ వాడదామా అని అప్పట్నుంచీ నాలుక దురద పెడుతూనే ఉంది. ఫొటో కింద కొట్టేశాను: "డోప్ మామయ్యగారూ!"

అంతే, చప్పట్లు ఆగిపోయాయి.

కాసేపటికి ఆయన మెసేజ్. "అల్లుడుగారూ, నేను కాఫీ కూడా తాగకుండా నడిచాను." దాని వెనకే ఇంకోటి. "1988లో సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ దగ్గర వంద మీటర్ల బంగారు పతకం వెనక్కి తీసుకున్నది దీనికే కదా?" ఆయన తరానికి డోప్ అంటే అదే మరి, ఆటగాళ్లు గెలవడానికి దొంగచాటుగా వాడే ఉత్ప్రేరకం, మూత్రం సీసాలో పట్టి పరీక్షకి పంపితే దొరికేది.

లోపల్నుంచి మా ఆవిడ వచ్చింది. "ఏమండీ, మా నాన్న ఏదో మింగి నడిచారంటారా?" కాదే, అది మెచ్చుకోలు అన్నాను. నమ్మలేదు. పైగా సాయం చేస్తున్నాననుకుని వాళ్ల నాన్నకి ఫోన్ చేసి "డోప్ అంటే మామూలుగా మందే నాన్నా, కానీ ఈయన ఆ ఉద్దేశంతో అనలేదు" అంది. ఆయన "మందా? పొద్దున్నే మందేంటమ్మా!" అని అరిచారు. మన 'మందు' మాత్రం తక్కువ తిందా చెప్పండి. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే, చేనుకి కొట్టేదీ తుపాకిలో కూరేదీ కూడా మందే. ఇందాకటిదాకా దొంగ ఆటగాడైన మామగారు ఒక్క ఫోన్‌తో తాగుబోతు అయ్యారు.

ఇక లాభం లేదని డిక్షనరీ తీసి, స్పీకర్ ఆన్ చేయించి, సాక్ష్యం చదవడం మొదలుపెట్టాను. చదవకుండా ఉండాల్సింది. "మామయ్యగారూ, అసలిది డచ్చి మాట నుంచి వచ్చిందట, ముంచుకు తినే సాస్ అని అర్థం." "నన్ను సాస్ అన్నారా?" "కాదండీ, తర్వాత చిక్కగా జిగురుగా ఉండే దేన్నయినా డోప్ అనేవారట, అలా పీల్చడానికి పాకంలా చేసిన నల్లమందుకీ అదే పేరొచ్చింది." అటునుంచి చప్పుడు లేదు. కంగారులో విమానాలెక్కాను. పాత విమానాల రెక్కలు గుడ్డతో ఉండేవి కదా, ఆ గుడ్డ బిగుసుకోవడానికి పూసే వార్నిష్ కూడా డోపేనండీ అన్నాను. చేతిలో ఫోన్ ఉంది చూశారా, దాని చిప్‌లో సిలికాన్‌కి చిటికెడు బోరానో ఫాస్ఫరసో కలుపుతారు, దాన్నీ డోపింగ్ అంటారు, అది లేకపోతే మనం ఇలా మాట్లాడుకోలేం అన్నాను. (ఇది నిజం. నా వాదనలో పనికొచ్చే ముక్క ఇదొక్కటే, కానీ అప్పటికి వినే ఓపిక ఎవరికీ లేదు.) గుర్రప్పందేల్లో ఏ గుర్రానికి మందు పెట్టారో తెలిసినవాడికి గెలుపెవరిదో ముందే తెలుస్తుంది కాబట్టి లోపలి సమాచారాన్ని కూడా డోప్ అంటారట అని ఇంకా ఏదో చెప్పబోతుంటే, ఆయన మధ్యలో ఆపి, "దాని కిందది కూడా చదవండి, మీ అత్తగారు ఇక్కడ డిక్షనరీ తెరిచి చూపిస్తోంది" అన్నారు.

దాని కింద 'తెలివితక్కువవాడు' అని ఉంది.

అది మీ గురించి కాదు మామయ్యగారూ అన్నాను. "తెలుస్తోంది" అన్నారు.

సాయంత్రం వాడొచ్చాడు, ఇదంతా తెచ్చిపెట్టిన మేధావి. జరిగింది చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, అదేమంత కొత్త మాట కాదు మావయ్యా, 1980ల్లో ర్యాప్ పాటలవాళ్లే 'అదిరింది' అనే అర్థంలో తెగ వాడేశారు అన్నాడు. నలభై ఏళ్ల ముసలి మాటని కొత్త బూట్లలా వేసుకుని తిరిగానన్నమాట. "పోనీ ఈసారి 'సిక్' అని పెట్టు మావయ్యా, అదీ మెచ్చుకోలే" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని పట్టుకుని నేను సిక్ అనాలట!

తర్వాతి పోటీ ఫొటో వచ్చింది. ఒళ్లు దగ్గర పెట్టుకుని "చాలా బాగుంది మామయ్యగారూ" అని అచ్చ తెలుగులో పెట్టాను. నిమిషంలో జవాబు. "ఏం అల్లుడుగారూ, ఈసారి శాంపిల్ క్లీనేనా?"