పక్షవాతం: డిశ్చార్జి కాగితం మీద ఒక్క మాట

పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న ఇంటికి వెళ్తే తరచూ కనిపించేది ఓ స్పాంజి బంతి. ‘నొక్కుతూ ఉండు నాన్నా, బలం వస్తుంది’ అంటుంటారు పిల్లలు. నిజానికి చాలామందికి కొన్నాళ్లకు వేళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు కష్టమంతా పిడికిలి బిగించడంలో కాదు, తెరవడంలో. అలాంటి చేత్తో రోజంతా బంతి నొక్కిస్తే ఏం లాభం? గ్లాసు అందుకుని, మళ్లీ బల్ల మీద పెట్టి వదలడం నేర్పాలి. ఇంకోటి, మంచం మీంచి లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు. కండరాల పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది. ఆ నొప్పికి మనిషి వ్యాయామమే వద్దంటాడు.

ఇంట్లోవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకు చూపించిందెవరు? డిశ్చార్జి కాగితం చివర ‘ఫిజియోథెరపీ’ అని రాసి పంపేస్తారు. ఎక్కడ, ఎన్నాళ్లు అన్నది ఉండదు. చెయ్యీ కాలూ తిరిగి వచ్చే జోరు ఎక్కువగా ఉండేది మొదటి మూడు నెలల్లోనే. ఆ కాలం కాస్తా నాటుమందులకీ, పావురం రక్తం మర్దనాలకీ పోతుంది.

‘ఇంట్లోవాళ్లకే నేర్పిస్తే సరిపోదా?’ అనే మాట విధానాలు రాసేవాళ్లకు ఇష్టం, ఖర్చు తక్కువ కదా! మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో దీన్ని పరీక్షించారు. ఫలితాలు 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చినా ఇవ్వకపోయినా 47 శాతం మంది చనిపోయారు లేదా ఇంకొకరి మీద ఆధారపడి ఉన్నారు. కుటుంబం అండ అక్కర్లేదని నేను అనను. ఫిజియో చేయాల్సిన పని కోడలి మీద వేసి చేతులు దులుపుకోలేమంటాను.

పైగా ఇది ఎంత చేస్తే అంత మంచిదనే లెక్క కూడా కాదు. పక్షవాతం (స్ట్రోక్) వచ్చిన 24 గంటల్లోపే లేపి, మామూలు కంటే ఎక్కువసార్లు నడిపించినవాళ్లు మూడు నెలలకు మిగతావాళ్లంత బాగా కోలుకోలేదని 2015లో ‘అవర్ట్’ అనే పెద్ద అధ్యయనం తేల్చింది. ఎప్పుడు, ఎంత అన్నది మనిషిని చూసి చెప్పాలి.

పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాల్సిన, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ గురించి ప్రచారం బాగానే జరుగుతోంది, జరగాలి కూడా. ఆ తర్వాతి మూడు నెలల సంగతే ఎవరికీ పట్టదు. నడవలేని మనిషిని రోజూ టౌనుకు తీసుకెళ్లాలంటే ఆటో కిరాయి, తోడు వెళ్లే కొడుక్కి ఆ పూట కూలి పోవడం. ఎన్నాళ్లు లాగగలరు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారంలో రెండు రోజులైనా ఫిజియో వస్తే, ఆ ఆటో మండలం దాటక్కర్లేదు.